ఒకరు 13.4 అంటరు, ఇంకొకరు 14.6 అంటరు: బ్యాటరీ చార్జింగ్ వోల్టేజీ సరిగ్గ కొలుసుడెట్ల?

కాకతీయ_డ్రైవర్ (హన్మకొండ), శుక్రవారం రాత్రి 9.12

అందరికీ నమస్తే. నాది 2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల సంది పొద్దుగాల సెల్ఫ్ బరువుగ తిరుగుతుంది. ఒక్కోసారి 'టక్' అని ఆగిపోతది, మళ్ళ తిప్పితే అందుకుంటది. బ్యాటరీ పాతదైందేమో అనుకొని కొత్తది, 35 ఏహెచ్‌ది ఏయించిన. వారం మంచిగనే ఉంది, మళ్ళ అదే కథ.

మొదటి మెకానిక్ లైటర్ సాకెట్ల పెట్టే చిన్న మీటర్ జూసి "13.4 ఉంది, చార్జింగ్ తక్కువైతుంది, డైనమో మార్చాలె" అన్నడు. రెండో ఆయన దగ్గరికి నా పసుపు రంగు మల్టీమీటర్ తీస్కపోయిన. ఆయన బ్యాటరీ మీద పెట్టి చూసి "14.6, ఎక్కువైతుంది, డైనమో మార్చాలె" అన్నడు. ఇంటికొచ్చి ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ సాకెట్ల పెట్టి ఫోన్ల రీడింగులు చూసే చిన్న పరికరం) పెడితే ఫోన్ల 13.6 చూపెడుతుంది. మూడూ ఐడిలింగ్ల, ఏసీ, లైట్లు బంద్ జేసి చూసినయే.

ఒకలు తక్కువంటరు, ఇంకొకలు ఎక్కువంటరు, ఇద్దరూ డైనమోనే మార్చాలంటరు. ఏడు వేల ముచ్చట. పైసలు పెట్టే ముందు అసలు వోల్టేజీ ఎంతుందో నాకు తెల్వాలె. సరిగ్గ కొలుసుడు ఎట్లనో జెర చెప్పుండ్రి.

---

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ), శుక్రవారం రాత్రి 10.05

అబ్బాయి, ముందు డైనమో మీద నుంచి చెయ్యి తియ్యి. నేను ముప్పై ఏళ్ళు ఆటోనగర్లో వైరింగ్ పని చేశాను. నువ్వు చెప్పిన లక్షణాల్లో నాకు వినపడింది డైనమో కాదు, సెల్ఫ్ బరువుగా తిరగడం. కొత్త బ్యాటరీ వేశాక కూడా అదే వస్తే, తీగల్లో ఎక్కడో అడ్డు ఉన్నట్టు. అది తర్వాత చూద్దాం.

నువ్వు అడిగిన కొలత సంగతి చెబుతాను. ఇంజిన్ ఆపి, రాత్రంతా బండి కదల్చకుండా, పొద్దున తలుపు తీసే ముందే బ్యాటరీ చూడు. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం, 12.0కి దిగితే పావు భాగమే మిగిలినట్టు. బండి తోలి వచ్చి వెంటనే చూస్తే 12.9, 13 కూడా చూపిస్తుంది, అది ప్లేట్ల మీద తేలిన పైపై చార్జింగే. అంతసేపు ఆగలేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆర్పి, ఐదు నిమిషాలాగి చూడు.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడవనివ్వు. సెల్ఫ్ కొట్టినప్పుడు తాగిన కరెంటును బ్యాటరీ మళ్ళీ పట్టుకోవాలిగా. అప్పుడు ఎవరినైనా లోపల కూర్చోబెట్టి 2,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచమను. మామూలు డైనమో అయితే 13.8 నుంచి 14.5 మధ్య నిలబడాలి. ఇప్పుడు హై బీమ్, బ్లోయర్ ఫుల్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ ఉంటే అదీ వేసి మళ్ళీ చూడు. 13.5 కంటే కిందికి పోకూడదు.

మీటరు తీగ కొసనున్న ముల్లును ఎక్కడ ఆనిస్తున్నావన్నది చాలా ముఖ్యం. క్లాంపు మీదో నట్టు మీదో కాదు, సీసపు పోస్టు మీదే నొక్కి, గీత పడి మెరుపు కనపడేదాకా తిప్పు. ఆ తర్వాత క్లాంపు మీద పెట్టి చూడు. రెండింటికీ తేడా వస్తే మధ్యలో తెల్ల పొడి పట్టినట్టు.

ఒక్క మాట మటుకు గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి "ఆగలేదు కాబట్టి డైనమో మంచిదే" అనే వాళ్ళ చేతికి బండి ఇవ్వకు. పాతకాలం బళ్ళల్లో మేమూ చేశాం. ఇప్పుడు అలా పీకితే పదుల వోల్టులు ఒక్కసారిగా ఎగిరి ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, అదే ఈసీఎం, కాలిపోవచ్చు.

---

వోల్టు_వీరభద్ర (గుంటూరు), శుక్రవారం రాత్రి 10.31

నేను రెండేళ్ళుగా లైటర్ మీటరే చూసుకుంటున్నాను, ఏనాడూ ఇబ్బంది రాలేదు. రోజూ 13.7 చూపించేది ఒకరోజు 12.9కి వచ్చింది, వెంటనే చూపిస్తే బెల్టు వదులైంది. బోనెట్ ఎత్తి ముల్లులు గుచ్చే పని అందరి వల్లా అవుతుందా?

---

మీటరు_మేడం (కాకినాడ), శుక్రవారం రాత్రి 11.02

వీరభద్ర గారూ, మీ మీటరు మీకు చేసిన మేలు నిజమే. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవడానికి అది చాలు. కానీ ఇక్కడ తమ్ముడు అడుగుతున్నది తేడా కాదు, అసలు విలువ. దానికి లైటర్ సాకెట్ పనికిరాదు. బ్యాటరీ నుంచి అక్కడికి కరెంటు ఫ్యూజులు, రిలే, కనెక్టర్లు, సన్నటి తీగ దాటుకొని వస్తుంది. అదే సాకెట్లో ఫోన్ చార్జ్ అవుతుంటే ఇంకొంత పోతుంది. 0.2, 0.3 వోల్టులు తక్కువ చూపించడం మామూలే.

ఓబీడీ డాంగిల్‌దీ దాదాపు అదే బాపతు. చవక ఈఎల్ఎం 327 డాంగిళ్ళు ఓబీడీ సాకెట్ 16వ పిన్ను దగ్గరున్న వోల్టేజీని రెండు రెసిస్టర్లతో తగ్గించి కొలుస్తాయి. ఆ రెసిస్టర్ల విలువ అటూ ఇటూ అయితే అంకె కూడా అటూ ఇటూ అవుతుంది. కొన్ని యాప్‌లలో 'కంట్రోల్ మాడ్యూల్ వోల్టేజీ' అని ఇంకొకటి ఉంటుంది, అది ఈసీఎం తాను చూస్తున్నది చెప్పేది. కాస్త నమ్మొచ్చు, అయినా అది ఈసీఎం దగ్గరి వోల్టేజీ, బ్యాటరీ దగ్గరిది కాదు.

తమ్ముడూ, ఆ పసుపు మీటరు డీటీ 830 రకమేనా? తెర మీద మూలన చిన్న బ్యాటరీ గుర్తు ఏమైనా కనిపిస్తోందా? లోపలి 9 వోల్టుల బ్యాటరీ మార్చి ఎన్నాళ్ళయింది?

---

కాకతీయ_డ్రైవర్ (హన్మకొండ), శనివారం ఉదయం 7.20

మేడం, ఇప్పుడే చూసిన. ఔను, డీటీ 830డీనే. మూలకు చిన్న గుర్తు మసకగ ఉంది, నేను ఇన్నొద్దులు పట్టించుకోలే. కొన్నప్పటి సంది బ్యాటరీ మార్చనే లేదు, నాలుగేండ్లయితది.

---

మీటరు_మేడం (కాకినాడ), శనివారం ఉదయం 8.15

మీ 14.6 అక్కడే పుట్టింది. ఈ మీటరు దేన్నయినా తన లోపలున్న ఒక చిన్న నిలకడ వోల్టేజీతో పోల్చి అంకె చెబుతుంది. 9 వోల్టుల బ్యాటరీ బాగా దిగిపోతే ఆ నిలకడ వోల్టేజీ కూడా దిగుతుంది. బట్ట కొలిచే గజంబద్ద కురచైపోతే బట్ట పొడుగ్గా ఉన్నట్టు లెక్క వస్తుంది కదా, అంతే. మీటరులో బ్యాటరీ నీరసించే కొద్దీ కారు చార్జింగ్ ఎక్కువైనట్టు కనిపిస్తుంది. దీని వల్ల 'ఓవర్ చార్జింగ్' అని మంచి డైనమోలు విప్పించుకున్న వాళ్ళు మా కాలేజీ స్టాఫ్‌లోనే ఇద్దరున్నారు.

కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేయండి. ఆ తర్వాత కూడా ఈ మీటరుకు డీసీ వోల్టులలో సుమారు అర శాతం, దాని మీద చివరి అంకెలో రెండు వరకు తప్పు ఉండొచ్చు. 14.20 దగ్గర అది 0.09. అంటే తెర మీద 14.20 అని ఉంటే అసలుది 14.11 నుంచి 14.29 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. మన పనికి అది చాలు. ఇంకా నమ్మకం కావాలంటే ఏడీ 584 అనే చిప్పుతో చేసిన రిఫరెన్స్ బోర్డు తక్కువ ధరకే దొరుకుతుంది. 2.5, 5, 7.5, 10 వోల్టులు ఇస్తుంది. 10 మీద మీ మీటరు ఎంత చూపిస్తుందో ఒకసారి చూసి, వెనకాల స్టిక్కరు మీద రాసిపెట్టుకోండి.

నల్ల తీగ 'కామ్' రంధ్రంలో, ఎర్ర తీగ మధ్య రంధ్రంలో, నాబ్ డీసీ 20 మీద ఉండాలి. ఎర్ర తీగ 10 ఏ అని రాసిన రంధ్రంలో మాత్రం ఉండకూడదు. ఆ దారిలో ఈ మీటరుకు ఫ్యూజు కూడా లేదు. అలా ఉంచి బ్యాటరీకి ఆనించారంటే నేరుగా షార్ట్ చేసినట్టే, తీగ చేతిలోనే కరుగుతుంది. ఆనించే ముందు ప్రతిసారీ ఒకసారి కళ్ళతో చూసుకోండి. ఉంగరం, కడియం తీసేయండి. చున్నీలు, వదులు చేతులు బెల్టు దగ్గరికి రానివ్వొద్దు.

---

రెంటచింతల_ట్రావెల్స్ (పల్నాడు), శనివారం ఉదయం 9.40

అన్నయ్యా, నాది టాక్సీ. మా ఊరి ఎండ సంగతి మీకు తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికి బండి పక్కన ఆపి, ఇంజిన్ నడుస్తుండగా చూస్తే నాకు 13.6 దాటదు. తెల్లవారుజామున అదే బండి 14.2 చూపిస్తుంది. డైనమో అరిగిందా అని భయపడి రెండుసార్లు విప్పించాను, ఏమీ లేదన్నారు. ఎండకు తగ్గుతుందా ఏంటి?

---

మినియాపోలిస్_మూర్తి (అమెరికా), శనివారం ఉదయం 10.22

తగ్గుతుందండీ, తగ్గాలి కూడా. బ్యాటరీ వేడెక్కితే తక్కువ వోల్టేజీకే నిండుతుంది, చల్లగా ఉంటే ఎక్కువ కావాలి. 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి దాదాపు 20 మిల్లీవోల్టుల లెక్క. 25 డిగ్రీల దగ్గర 14.4 ఇచ్చే రెగ్యులేటరు, బోనెట్ కింద 65 డిగ్రీలు ఉంటే 0.8 తగ్గించి 13.6 ఇవ్వడం సరైన పనే. మీరు చెప్పింది అచ్చంగా అదే. మా ఇంటి ముందు జనవరిలో మైనస్ 20 ఉన్న పొద్దున నా కారు స్టార్ట్ చేయగానే 14.9 చూపిస్తుంది. అదే అంకె మీ ఊళ్ళో మే నెలలో కనిపిస్తే బ్యాటరీ నీళ్ళు ఉడికిపోతాయి.

అందుకే అంకె రాసుకున్నప్పుడు పక్కన టైము, ఇంజిన్ ఎంతసేపు నడిచింది, బయట ఎంత వేడి, లైట్లు వేసున్నాయా అని కూడా రాసుకోండి. అవి లేకుండా ఉత్త 13.6 అంటే దాన్ని బట్టి ఏదీ తేల్చలేం.

---

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ), శనివారం ఉదయం 11.10

మూర్తి గారు బాగా చెప్పారు. దానికి ఇంకొకటి కలుపుతాను. ఒక్కో సెల్‌కి 2.4 దాటితే, అంటే మొత్తం మీద 14.4 దాటితే, నీళ్ళు బుడగలై పోవడం మొదలవుతుంది. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించకూడదనేది అందుకే. పల్నాడు అబ్బాయి, నీ బండికి డిస్టిల్ వాటర్ ఎన్నాళ్ళకోసారి పోస్తున్నావు? ఎండాకాలంలో నెలకోసారి కొంచెం పడితే మామూలే. వారానికోసారి ఆరు సెల్లులూ అడుగుతుంటే అప్పుడు చార్జింగ్ ఎక్కువైనట్టు. ఒక్క సెల్లే అడుగుతుంటే ఆ సెల్ పోయినట్టు.

ఇంకొకటి. వేడి దేశాల కోసం కొన్ని బ్యాటరీల్లో ఆసిడ్ కాస్త పలచగా, నీటితో పోల్చిన సాంద్రత 1.240 దగ్గర ఉండేలా పోస్తారు. అలాంటిది పూర్తిగా నిండినా ఆగి ఉన్నప్పుడు 12.5 దగ్గరే నిలబడుతుంది. పుస్తకంలో 12.66 అని ఉంది కదా అని దాన్ని పారేయకండి. మూతలు తీసే రకమైతే ఆ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు పెట్టి చూడండి.

---

చార్మినార్_చక్రం (హైదరాబాద్), శనివారం మధ్యాహ్నం 1.45

ఈ థ్రెడ్ చూశాక నేనూ కొలిచాను, ఇప్పుడు నిద్ర పట్టేలా లేదు. నాది స్మార్ట్ హైబ్రిడ్ కారు, మూడేళ్ళే అయింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నిలకడగా వెళ్తుంటే యాప్‌లో 12.8 చూపిస్తోంది. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయగానే 14.8. మళ్ళీ తొక్కితే 12.8. ఇది మంచిదేనా?

---

మినియాపోలిస్_మూర్తి (అమెరికా), శనివారం మధ్యాహ్నం 2.30

చక్రం గారూ, మీరు నిశ్చింతగా ఉండండి. మీ కారులో డైనమో ఎంత ఇవ్వాలో ఈసీఎం చెబుతుంది. డైనమో తిప్పడానికి ఇంజిన్ పెట్రోలు ఖర్చు చేస్తుంది కాబట్టి, నిలకడగా వెళ్ళేటప్పుడు చార్జింగ్ తగ్గించేస్తుంది. మీరు కాలు తీస్తే బండి తన ఊపుతో పోతోంది కదా, ఆ ఊపును వాడుకొని గట్టిగా చార్జ్ చేస్తుంది. 13.8 నుంచి 14.5 అనే పాత లెక్క ఇలాంటి కార్లకు వర్తించదు. ఇలాంటి చాలా కార్లలో హెడ్‌లైట్లు వేస్తే వోల్టేజీ పెరిగి నిలబడుతుంది, అలా ఒకసారి చూడండి.

మీ బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద చిన్న పెట్టె లాంటి సెన్సరు ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. బయటి చార్జర్ పెట్టాల్సి వస్తే నల్ల క్లిప్పు ఆ పోస్టుకు కాకుండా బాడీ ఎర్త్‌కు పెట్టాలి. లేకపోతే లోపలికెళ్ళిన చార్జింగ్ సెన్సరు లెక్కలోకి రాదు.

---

చార్మినార్_చక్రం (హైదరాబాద్), శనివారం మధ్యాహ్నం 2.52

లైట్లు వేశాను, 14.1 దగ్గర ఆగింది. చాలా థాంక్స్ మూర్తి గారూ.

---

కాకతీయ_డ్రైవర్ (హన్మకొండ), శనివారం సాయంత్రం 6.35

మీటర్ల కొత్త బ్యాటరీ ఏసిన. మా దోస్తు ఎలక్ట్రానిక్స్ దుకాణంల రిఫరెన్స్ బోర్డు ఉంటే పెట్టి చూసినం, 10 వోల్టులకు 10.02 చూపెట్టింది. అంటే మీటర్ మంచిగున్నట్టే కదా మేడం.

కారు మీద చూస్తే, లైట్లు, ఏసీ బంద్ చేసి 14.02. నిన్న అదే మీటర్ అదే జాగల 14.6 చూపెట్టింది! హై బీమ్, బ్లోయర్, ఏసీ అన్నీ వేసి 2,000 దగ్గర పడితే 13.50. పాతకాపు బాబాయ్ చెప్పిన గీతకు సరిగ్గ అంచుల ఉంది. పోస్టుకూ క్లాంపుకూ తేడా లేదు. సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ మీద 10.4 కంటే దిగలేదు, గని సెల్ఫ్ మాత్రం అట్లనే మూలుగుతుంది. ఇప్పుడేం చూడాలె?

---

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ), శనివారం రాత్రి 7.20

బ్యాటరీ 10.4 దగ్గర గట్టిగా నిలబడింది, సెల్ఫ్ మాత్రం మూలుగుతోంది. అంటే బ్యాటరీ దగ్గరున్నది సెల్ఫ్ దాకా చేరడం లేదు. నేను మొదట అన్నది ఇదే.

రేపు పొద్దున ఇలా చూడు. ఇంజిన్ నడుస్తూ, అన్నీ వేసి ఉండగా, ఎర్ర ముల్లు డైనమో వెనక లావు తీగ బిగించిన స్టడ్డు మీద, నల్ల ముల్లు బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టు. రెండూ పాజిటివే, కంగారు పడకు, మీటరు తేడా ఒక్కటే చూపిస్తుంది. 0.2 దాటకూడదు. తర్వాత ఎర్ర ముల్లు డైనమో బాడీ మీద, రంగు లేని చోట, నల్ల ముల్లు బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద పెట్టు. అది 0.1 లోపుండాలి, 0.2 వస్తే పని చెయ్యాల్సిందే. లోడు లేకుండా చూస్తే ఏమీ తెలియదు, కరెంటు పారుతుంటేనే అడ్డు బయటపడుతుంది. ఈ రెండో కొలత చూసేవాళ్ళు చాలా తక్కువ. అందరూ ప్లస్ తీగే చూస్తారు, ఎర్త్ తీగ జోలికి పోరు.

---

వోల్టు_వీరభద్ర (గుంటూరు), శనివారం రాత్రి 8.05

డైనమో నుంచి ఏసీ కరెంటు వస్తోందా అని కూడా చూడాలని అంటారు కదా, దాన్ని డీసీగా మార్చే డయోడ్లు పోయాయో లేదో తెలియడానికి. నేను ఇప్పుడే మీటరు ఏసీ 200 మీద పెట్టి ఇంజిన్ ఆపిన బ్యాటరీ చూశాను, 28 చూపించింది! అటుది ఇటు మార్చి పెడితే సున్నా.

---

మీటరు_మేడం (కాకినాడ), శనివారం రాత్రి 8.40

అది బ్యాటరీ తప్పు కాదండీ. చవక మీటర్లలో ఏసీ కొలవడానికి ఒక్క డయోడే ఉంటుంది, డీసీని ఆపే కెపాసిటర్ ఉండదు. డీసీ వస్తే దాన్ని రెట్టింపు కంటే కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది. మీ బ్యాటరీ 12.6 ఉంటే 28 వస్తుంది. డయోడ్లు చూడాలంటే డీసీని ఆపగలిగే, చిన్న ఏసీ వోల్టేజీలు కొలిచే మీటరు కావాలి. దానితో లోడు మీద చూసినప్పుడు 0.5 లోపుండాలి. ఈ పసుపు మీటరుతో ఆ పరీక్ష చేయకండి.

---

కాకతీయ_డ్రైవర్ (హన్మకొండ), ఆదివారం ఉదయం 10.50

బాబాయ్, దొరికింది!

ప్లస్ దిక్కు 0.09. నెగెటివ్ దిక్కు 0.62! నమ్మబుద్ధి గాక నాలుగుసార్లు చూసిన. డైనమో దగ్గర దాని స్టడ్డుకూ బాడీకీ నడుమ కొలిస్తే 14.21 ఉంది. అండ్ల నుంచి 0.62, 0.09 తీసేస్తే 13.50, బ్యాటరీ మీద చూసిన అంకె సరిగ్గ అదే. లెక్క కలిసేసరికి మస్తు సంబురమైంది.

బ్యాటరీ ట్రే తీసి చూస్తే నెగెటివ్ తీగ గేర్‌బాక్స్ మీద బిగించిన కాడ, లగ్ (తీగ కొసకుండే లోహపు రింగు) కింద పచ్చగ చిలుము, బోల్టు చుట్టూ తుప్పు. బయటికి మాత్రం తీగ మంచిగనే కనిపిస్తుంది. బోల్టును ఏలుతోని తిప్పితే కదిలింది.

---

మీటరు_మేడం (కాకినాడ), ఆదివారం ఉదయం 11.25

శభాష్ తమ్ముడూ. అన్నీ వేసినప్పుడు మీ డైనమో సుమారు 35 ఆంపియర్లు ఇస్తోందనుకుందాం. 0.62 పడితే ఆ జాయింటు దగ్గర కరెంటుకు దాదాపు 18 మిల్లీ ఓమ్‌ల అడ్డు ఉన్నట్టు. మీటరును ఓమ్‌ల మీద పెట్టి చూస్తే సున్నా అనే చెబుతుంది, అంత చిన్నది దానికి అందదు. కానీ సెల్ఫ్ 120 ఆంపియర్లు లాగేటప్పుడు ఆ 18 మిల్లీ ఓమ్‌లే రెండు వోల్టులకు పైగా మింగేస్తాయి. బ్యాటరీ దగ్గర 10.4 ఉన్నా సెల్ఫ్‌కు అందేది 8 చిల్లరే. మూలగక ఏం చేస్తుంది?

---

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ), ఆదివారం ఉదయం 11.40

ముందు బ్యాటరీ నెగెటివ్ క్లాంపు తీసేసి పక్కన పెట్టు, ఆ తర్వాతే గేర్‌బాక్స్ మీది బోల్టు విప్పు. లగ్‌ను, అది ఆనే లోహాన్ని ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దు. బోల్టు కొత్తది వెయ్యి, స్ప్రింగ్ వాషర్ పెట్టు. లగ్ లోపల తీగ పోగులు నల్లబడితే రుద్ది లాభం లేదు, తీగే మార్చు. బిగించాకే పైన గ్రీజు పుయ్యి, ముందు కాదు. చాలామంది లోపల గ్రీజు పూసి పైన బిగిస్తారు.

---

రెంటచింతల_ట్రావెల్స్ (పల్నాడు), ఆదివారం మధ్యాహ్నం 12.15

బాబాయ్, నా బండి నెలకోసారే నీళ్ళు అడుగుతోంది, ఆరు సెల్లులూ సమానంగా. ఇన్నాళ్ళూ ఊరికే భయపడ్డాను. ఇప్పుడే నేనూ ఎర్త్ చూశాను, 0.07.

---

కాకతీయ_డ్రైవర్ (హన్మకొండ), ఆదివారం సాయంత్రం 5.30

పోగులు లోపల మంచిగనే ఉన్నయి బాబాయ్, ఎర్రగ మెరుస్తున్నయి. మీరు చెప్పినట్టే రుద్ది, కొత్త బోల్టు, వాషర్ ఏసి, బిగించినంక గ్రీజు పెట్టిన.

అన్నీ వేసి 2,000 దగ్గర: డైనమో మీద 14.22, నెగెటివ్ దిక్కు 0.05, ప్లస్ దిక్కు అదే 0.09, బ్యాటరీ మీద 14.08. బయట 38 డిగ్రీలు, ఇంజిన్ పది నిమిషాలు నడిచినంక చూసినవి. మూర్తి అన్న చెప్పిండు కదా, అన్నీ నోట్‌బుక్కుల రాసిపెట్టిన.

సెల్ఫ్ మా అమ్మకు వంటింట్లకు ఇనబడ్డది, "బండి మార్చినవా బిడ్డా" అని బయటికొచ్చి చూసింది. మొత్తం ఖర్చు 9 వోల్టుల బ్యాటరీ, బోల్టు, వాషర్, ఉప్పుకాగితం ముక్క. మొదటి బ్యాటరీ మటుకు అనవసరంగ మార్చిన, అదొక్కటే మనసుల ఉంది. అది ఇంక ఇంట్లనే ఉంది. బాబాయ్, దాన్ని చార్జర్ మీద పెట్టి చూడొచ్చా?

---

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ), ఆదివారం రాత్రి 8.10

పెట్టు. నీళ్ళు చూసి, తక్కువుంటే ప్లేట్లు మునిగేదాకా మాత్రమే పోసి, 3 ఆంపియర్ల మీద రాత్రంతా ఉంచు. తీసి ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేసి, మంగళవారం పొద్దున ఎంతుందో ఇక్కడ రాయి.

---

కాకతీయ_డ్రైవర్ (హన్మకొండ), మంగళవారం ఉదయం 6.45

12.58, బాబాయ్. మా చెల్లె వాళ్ళ ఆటోకు బ్యాటరీ కావాల్నట, ఈ సాయంత్రం తీస్కపోయి పెడుతున్న. పెట్టేముందు ఆ ఆటో ఎర్త్ కూడా చూస్త.